బల్ల మీద మరిచిన రక్తం

ఇంటర్‌లో ఫస్టుక్లాసు తెచ్చుకున్న నేను ఇంటర్‌ల్యూకిన్‌లో తప్పాను. దక్షిణాఫ్రికాలో అందరూ తొలిసారి ఓటేసిన మరుసటి ఏడాది, డర్బన్‌లోని ఒక ప్రభుత్వాసుపత్రి సర్జరీ యూనిట్‌లో మెడికల్ ఆఫీసరుగా చేరాను. క్లోమం వాచిన రోగుల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 కొలవడం నాకప్పగించిన పని. రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకొనే కబురు లాంటి ప్రోటీన్ అది. అమైలేస్ అనే మామూలు పరీక్ష క్లోమం వాచిందని చెబుతుంది కాని, ఎంత ముదరబోతోందో చెప్పదు. ఇంటర్‌ల్యూకిన్ ముందుగా చెబుతుందని మా ఆశ.

మొదటి నెల అందరి అంకెలూ ఆకాశంలో ఉన్నాయి. ఏదో కనిపెట్టేశానని పొంగిపోయాను. తీరా చూస్తే, పోలిక కోసం ఇచ్చిన నా రక్తంలోనూ అంతే! ల్యాబ్ టెక్నాలజిస్టు సావిత్రమ్మది డర్బన్ శివారు ఫీనిక్స్, చెరుకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ల సంతతి. పని ఇంగ్లీషులో, తిట్లు తాతల నాటి తెలుగులో.

"ఏం బాబూ, ఈ లెక్కన నువ్వు ఐసీయూలో పడుండాల గదా? రగతం తీసి పొద్దంతా బల్ల మీద ఒగ్గేస్తావా? ట్యూబులో కూడా అది వాగుతానే ఉంటాది!"

నిజమే. తీసిన రక్తంలోనూ కణాలు బతికే ఉండి ఆ ప్రోటీన్‌ను తయారుచేస్తూ పోతాయి. వెంటనే ఐసులో పెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలను వేరుచేయాలి. మా చీఫ్ సర్జన్ నా రక్తం రిపోర్టును వార్డు బోర్డుకు గుచ్చి, కింద "పడక కేటాయించాలి" అని రాశారు.

కొన్ని వారాలకు పక్కనున్న వెరులం ఊరి టాక్సీ డ్రైవరు మఖిజే క్లోమం వాచి వార్డులో చేరాడు. మూడో రోజుకు నొప్పి తగ్గింది, అమైలేస్ దిగింది. "టాక్సీ ఖాళీగా నిలబడింది, పంపించెయ్ డాక్టర్" అని ఒకటే పోరు. చీఫ్ డిశ్చార్జి అన్నారు. ఐసులో తెచ్చిన అతని రక్తంలో మాత్రం ఇంటర్‌ల్యూకిన్ బాగా హెచ్చుగా ఉంది. ఆ మాట చెబితే చీఫ్, "నీ పక్క పడకేనా?" అన్నారు. నవ్వులపాలైన అంకెతో మనిషిని ఆపేదెలా?

సావిత్రమ్మ తనే ఇంకో ట్యూబు పట్టుకెళ్లి, మళ్లీ కొలిచి, నేరుగా వార్డుకొచ్చింది. "ఈ బాబు కొలతల సంగతి నాకు తెలుసు సార్. ఇది మాత్రం నేను చేసింది" అంది. చీఫ్ ఒక్కరోజు ఆగమన్నారు.

మర్నాడు మఖిజేకు ఆయాసం మొదలైంది, మూత్రం తగ్గింది. ఐసీయూ పక్క గదే కాబట్టి దక్కాడు. వారాల తర్వాత తన కాళ్ల మీదే ఇంటికెళ్లాడు. నా సర్వీసు మొత్తంలో గర్వంగా చెప్పుకొనే అంకె అదొక్కటే, అదీ సావిత్రమ్మ చేతిది. అంకె విలువ ట్యూబును మోసిన చేతుల్లో ఉంటుందని అప్పుడు నేర్చుకున్నాను.

ఆ ఏడాది చివర పోలిక కోసం చీఫ్ కూడా రక్తమిచ్చారు. ఒక ట్యూబు పద్ధతిగా ఐసులో పెట్టాను. రెండోది సాయంత్రం దాకా కిటికీ పక్క బల్ల మీద ఉంచాను. ఆ రెండోదాని రిపోర్టు వార్డు బోర్డుకెక్కింది. కింద నా దస్తూరీ: "పడక సిద్ధం, సార్."