శనివారం నజ్రానులో పొయ్యి ఎవరు వెలిగించారు

శుక్రవారం పొద్దున ఆరుంబావుకి దమ్మాములో అభా విమానం ఎక్కాను. చేతిలో ఒక సంచి, అందులో రెండు జతల బట్టలు, ఒక కారప్పొడి డబ్బా, రెండు కొవ్వొత్తులు. తలలో ఒకే ఒక్క ప్రశ్న. దాన్ని ఎవర్ని అడగాలో, ఏ మాటలతో అడగాలో మాత్రం తెలియదు.

మేం గుంటూరు జిల్లా యూదులం. ఉన్నదే కొద్ది కుటుంబాలం, మా ఊళ్లోనే సగంమంది మమ్మల్ని క్రైస్తవులనుకుంటారు. మా అమ్మమ్మ సారమ్మ పోయి ఏడాది కావస్తోంది. తాతయ్య పోయాక ముగ్గురు పిల్లల్ని పెంచడానికి ఆమె ఈ అరబ్బు దేశానికొచ్చి, నజ్రానులో ఒకే ఇంట్లో పదకొండేళ్లు పనిచేసింది. తిరిగొచ్చాక మా వంశాన్నంతా ఏలింది. ఎవరింట్లో తగువొచ్చినా తీర్పు ఆమెదే. మాంసం వండిన రోజు ఇంట్లో మజ్జిగ కనబడకూడదు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా ఎవరూ నిప్పు ముట్టించకూడదు. కాదంటే చెవి మెలేసేది, పెళ్లయినవాళ్లనైనా సరే.

అలాంటి మనిషిని పాతిపెట్టిన రోజునే మా చిన్నతాతయ్య అందరి ముందూ ఒక మాటన్నాడు. "విశ్రాంతి దినమని మమ్మల్నందర్నీ కాల్చుకుతింది గానీ, అక్కడ పదకొండేళ్లూ శనివారాలు పొయ్యి రాజేసిందిగా!" ఆ మాట మా అమ్మకి ముల్లులా దిగింది. ఏడాదిగా ఫోను చేసిన ప్రతిసారీ అదే గోల. "నువ్వా దేశంలోనే ఉన్నావు గదే రాహేలూ, ఒక్కసారి వెళ్లి కనుక్కో."

నేను ధహ్రానులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. శనివారాలు నాకు డ్యూటీ. నిప్పు సంగతి దేవుడెరుగు, ఆ రోజున నేను ముట్టుకోని మిషనంటూ ఉండదు. అమ్మమ్మ నిష్ఠ గురించి ఆరా తీయడానికి నాకంటే తగినవాళ్లు దొరకలేదు కాబోలు.

ఎనిమిదిన్నరకి అభాలో దిగితే చలి. వెళ్లేవాళ్లు ఎండాకాలమైనా స్వెట్టరు పెట్టుకోండి. తొమ్మిదిన్నరకి నజ్రాను బస్సు. రెండు గంటలు కొండల్లో తిరిగాక ధహ్రాను అని బోర్డు కనబడింది. పొద్దున నేను బయల్దేరిన ఊరికే బస్సు తిప్పి తెచ్చిందా ఏమిటని సీట్లోంచి లేచిపోయాను. దక్షిణాన ఇంకో ధహ్రాను ఉందట. పక్కసీటులో పాకిస్తానీ పెద్దావిడ నా మొహం చూసి నవ్వి, ఉడకబెట్టిన గుడ్డు చేతిలో పెట్టింది.

"అకేలీ హో, బేటీ? ఒక్కదానివేనా? ఎవరింటికి?" అంది ఉర్దూలో.

"తెలిసినవాళ్లింటికి."

"బంధువులా?"

ఏమని చెప్పను? గుడ్డు నోట్లో పెట్టుకుని తలూపాను.

ఒకటిన్నరకి నజ్రాను. టాక్సీ అతనిది జగిత్యాల. "గీడ తెలుగు ఆడమనిషిని జూడక ఏడాదైతుందక్కా. ఏడికి వోవాలె?" అన్నాడు. ఖర్జూరపు తోటల పక్కనుంచి పావుగంటలో అమ్మమ్మ పనిచేసిన ఇంటి ముందు దింపి, ఎంత చెప్పినా కిరాయి తీసుకోలేదు.

అమ్మమ్మ పోయిందని నేను ఫోనులో చెబితే వెక్కివెక్కి ఏడ్చి నన్ను రమ్మన్నది ఈ ఇంటి కోడలు ఆమ్నా. గేటు దగ్గరే కౌగిలించుకుంది. వెనకే నూర్జహాన్, ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న రాయచోటి మనిషి. "నువ్వు ఆ పెద్దామె మనవరాలివంటనే? రాత్రి నుంచి నీ మాటే మాట్లాడ్తాండారు," అంది. లోపల మంచంమీద ఆమ్నా అత్తగారు. ఎనభై దాటిన మనిషి. పెద్దకొడుకు పేరుతో అందరూ ఉమ్ సాలెం అంటారు, అంటే సాలెం వాళ్లమ్మ. మా అమ్మ పేరు రూతు కాబట్టి వాళ్లు మా అమ్మమ్మని ఉమ్ రూతు అనేవారట.

పెద్ద పళ్లెంలో అన్నం, మేకమాంసం పెట్టారు. పెరుగు లేదు. "మాంసంతో పెరుగు తింటే కడుపు చెడుతుందని ఉమ్ రూతు అనేది. అప్పట్నుంచీ మేం పెట్టుకోం," అంది ఆమ్నా. ఇక్కడ కూడా చెవులు మెలేసే పోయిందన్నమాట!

నా హాస్పిటల్ అరబ్బీని కూడగట్టుకుని, "శనివారం ఎలా ఉండేది?" అని అడిగాను. అమ్మమ్మ యూదురాలని ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసో లేదో నాకు తెలియదు.

ఆమ్నా పకపకా నవ్వింది. "శనివారం యుద్ధమే. పొద్దున్నే మా అత్తగారు వంటగదిలో దూరేది. కాఫీ నా చేత్తోనే కావాలి, పొయ్యి దగ్గరికి ఎవరూ రావద్దు అనేది. అత్తగారు ఉమ్ రూతు పనికి వంకలు పెడుతోందని నేను ఆవిడతో పోట్లాడేదాన్ని. పదకొండేళ్లు పోట్లాడాను."

మంచంమీంచి ముసలావిడ నాకేసే చూస్తోంది.

నాకు అమ్మమ్మ గదే ఇచ్చారు, వంటగది పక్కది. పొద్దు వాలుతుంటే తలుపేసుకుని కొవ్వొత్తులు వెలిగించాను. శనివారాలు డ్యూటీ చేసే దానికి ఈ భక్తేమిటని నన్ను అడక్కండి. ఆమె గది అది, అంతే. ఇంతలో తలుపు తోసుకుని ఉమ్ సాలెం వచ్చింది. ఆవిడ మంచంమీద కూర్చుని దీపాలకేసే చూస్తూ మాట్లాడింది. ఆ పాతకాలపు యాసలో నాకందింది సగమే. తన చిన్నప్పుడు పక్కిల్లు యూదులది. వెండిపని చేసేవారు. శనివారం పొద్దున వాళ్లావిడ గుమ్మంలో నిలబడేది, నోరు తెరిచి ఏమీ అడిగేది కాదు. ఈవిడే వెళ్లి వాళ్ల పొయ్యి ముట్టించి వచ్చేది. తర్వాత ఒకరోజు వాళ్లంతా ఊరొదిలి యెమెను వైపు వెళ్లిపోయారు. చివర్న తలుపు చూపించి, "ఉమ్ రూతు కూడా ఇలాగే మూసుకునేది," అంది.

ఆ రాత్రి ఎంత ఆలోచించినా చిక్కు వీడలేదు. ఇదంతా నాకెందుకు చెప్పింది? బెదిరించిందా, బుజ్జగించిందా?

శనివారం ఆరున్నరకి టీ పెట్టుకుందామని, అలవాటు ప్రకారం, వంటగదిలోకెళ్లి పొయ్యి మీద చెయ్యి వేశాను. వెనకనుంచి చేతికర్ర చప్పుడు. ఉమ్ సాలెం నా మణికట్టు పట్టుకుని పక్కకి తోసింది. వంగలేక వంగి తనే పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, నన్ను స్టూలుమీద కూర్చోమని సైగ చేసింది. స్టూలు ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టుంది, నేలమీద దాని కాళ్ల గుర్తులు పడ్డాయి. కూర్చుని ఏడ్చేశాను. నూర్జహాన్ వచ్చి, "ఏమైందే తల్లీ, ముసలామె ఏమన్నా అనెనా?" అంది. ఏమీ అనలేదని చెప్పాను. నిజంగానే పదకొండేళ్లూ ఉమ్ సాలెం మా అమ్మమ్మ సంగతి ఎవరితోనూ అనలేదు, కోడలి తిట్లు తింటూ కూడా.

మా అమ్మమ్మకి ఈ సంగతి తెలుసా? తెలిస్తే మాకెందుకు చెప్పలేదు? ఉమ్ సాలెంని అడిగితే గ్లాసు నా ముందుకు జరిపింది, అంతే.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి తిరుగు విమానం. రియాదులో మారాలి, రెండు గంటల ఆలస్యం. అక్కణ్ణుంచే అమ్మకి ఫోను చేశాను.

"అమ్మమ్మ పొయ్యి ముట్టుకోలేదమ్మా. శనివారాలు ఉమ్ సాలెం వెలిగించేది. ఎవరూ అడక్కుండానే."

అటునుంచి ముక్కు చీదిన చప్పుడు. "మీ చిన్నతాతయ్య సంగతి నేను చూసుకుంటాలే. ఆవిడ పేరు చెప్పు. శుక్రవారం దీపం దగ్గర అమ్మ పేరుతో పాటు చెప్పుకుంటాను."

నోరు తెరిచాను, పేరు రాలేదు. రెండు రోజులు ఆ ఇంట్లో తిన్నాను, పడుకున్నాను, ఆవిడ పేరేమిటని అడగనే లేదు. ఎవరూ ఆవిడని పేరుతో పిలవగా వినలేదు. పదకొండేళ్లున్న మా అమ్మమ్మకైనా తెలుసో లేదో.

"తెలీదమ్మా. అందరూ సాలెం వాళ్లమ్మ అంటారు."

"మీ అమ్మమ్మనేమనేవాళ్లు?"

"రూతు వాళ్లమ్మ."

"సరే అయితే, అలాగే చెప్తాను. రూతు వాళ్లమ్మ, సాలెం వాళ్లమ్మ. పైనున్నాయనకి ఆ మాత్రం తెలీదా," అంది అమ్మ. "నువ్వేమన్నా తిన్నావా?"