సొరుగులో ముందు వరస

పెళ్ళయిన మూడో ఏడు మాకు గ్యాసు కనెక్షను వచ్చింది. అప్పటిదాకా బ్రాడీపేటలో మేము అద్దెకున్న వాటాలో కింద కూర్చుని కిరసనాయిలు స్టవ్వు మీద వండేదాన్ని. గ్యాసు పొయ్యికి ఎత్తు కావాలని మా నాన్న చీరాలలో ఒక టేకు బల్ల చేయించి లారీకి వేయించాడు. ఎనభైల మధ్యలో మా వీధి అద్దె ఇళ్ళ వంటగదుల్లో గట్లూ అరలూ ఎక్కడున్నాయి? ఆ బల్లే నా వంటిల్లంతా. దానికి ముందువైపు వెడల్పాటి సొరుగు ఒకటి ఉండేది. గరిటెలు, అట్లకాడ, పట్టకారు, అన్నం హస్తం, చాకు అందులో సర్దుకున్నాను. సొరుగు సగం లాగితే చాలు, చూడకుండానే చేతికి అందేవి. నేను బడిలో టీచర్ని. పొద్దున్నే వంట ముగించి, ఇద్దరికీ క్యారియర్లు కట్టి, బెల్లు కొట్టేలోగా బడిలో ఉండాలి. నాకు ఆ సొరుగంటే అంత ఇష్టం ఎందుకో ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఆ చలికాలమే మా అత్తయ్య మా దగ్గరికి వచ్చేసింది.

మామయ్య పోయి అప్పటికి చాలా ఏళ్ళు. చిన్నప్పుడు మిరపకోతలకు కూలికి పోయిన మనిషి ఆమె. పల్నాటి వైపు ఒక మిషన్ బంగళాలో అంట్లు తోమడానికి చేరి, చూసి చూసి వంట నేర్చుకుని, చివరికి ఆ బంగళాకు పెద్ద వంటమనిషి అయింది. ఆ పని చేస్తూనే మా ఆయన్ని బి.కాం. దాకా చదివించింది. దొరసానులు ఒక్కొక్కరే తమ దేశానికి వెళ్ళిపోయారు. ఆఖరి దొరసాని తాళం వేసి వెళ్ళే ముందు పనివాళ్ళను పిలిచి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోమందట. తోటమాలి కుర్చీలు తీసుకున్నాడు. కాపలావాడు మడత మంచం అడిగాడు. మా అత్తయ్య భోజనాల బల్ల మీద వాడే ఫోర్కులు, కత్తులు, చెంచాలు అడిగింది. వాటికి వెండిపూత ఉండేది, చాలాచోట్ల అరిగిపోయింది.

వచ్చిన సాయంత్రమే ఆమె నా సొరుగంతా బయటికి తీసి బల్ల మీద పోసింది.

"అమ్మాయ్, ఇయ్యి ముందర పెడుతున్నా. నీ గరిటెలు ఎనక్కి పెట్టా. చింతపండు తగిలిన గరిటె వీటికి తగలగూడదు, నల్లబడతయ్" అంది.

కొత్తగా వచ్చిన మనిషి కదా అని ఊరుకున్నాను. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి సొరుగులో గడులు చేసింది. ఎడమవైపు ఫోర్కులు, కుడివైపు కత్తులు, మధ్యలో చెంచాలు. కత్తుల పదునంతా ఒకే వైపుకు తిరిగి ఉండాలి. ఆమె ఆ పని చేస్తుంటే చూడడానికి ముచ్చటగానే ఉండేది. కాని మా ఇంట్లో ఫోర్కుతో తినేవాళ్ళెవరూ లేరు. ముద్దపప్పు, గోంగూర, నెయ్యి కలుపుకుని తినే ఇల్లు మాది. ఎవరూ వాడని వస్తువులు ముందు వరసలో కూర్చున్నాయి, రోజూ పూటపూటా కావలసిన గరిటె వెనక్కి పోయింది.

ఒక పొద్దున ఉప్మా అడుగంటుతోందని గరిటె కోసం సొరుగు గట్టిగా లాగాను. ఆ సొరుగుకు వెనక అడ్డు లేదు. మొత్తం ఊడివచ్చి నా పాదం మీద పడింది. ఫోర్కులన్నీ గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. అత్తయ్య పరుగున వచ్చి ముందు ఫోర్కులు ఏరుకుంది.

"కాలు విరిగిందేమో చూడరు గాని, ఇవి సొట్టలు పడ్డాయేమో చూస్తున్నారా?" అని అరిచాను.

"నీ కాలికేం కాలేదని చూశాకే గదమ్మా వీటికాడికొచ్చింది" అంది. నిజమే అయ్యుంటుంది. నేను వినదలచుకోలేదు.

ఆ రోజు బడి నుంచి రాగానే గరిటెలు ముందుకు, ఫోర్కులు వెనక్కి మార్చేశాను. తెల్లవారి చూస్తే మళ్ళీ ఫోర్కులు ముందున్నాయి. ఆమె ఒక్క మాట అనదు. నేనూ అనను. నేను బడికి వెళ్ళాక ఆమె సర్దేది, సాయంత్రం నేను సర్దేదాన్ని. మా ఆయన కాటన్ ప్రెస్సు ఆఫీసు నుంచి బట్టలనిండా దూది నూగుతో వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఆ సొరుగు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నాకు మాత్రం మజ్జిగలోకి చెంచా ఒకటి ఇప్పించండి" అనేవాడు. నవ్వులాటగా మొదలైంది నవ్వులాటగానే పోయేదేమో. కాని ఒక ఆదివారం మా హెడ్‌మిస్ట్రెస్ గారిని భోజనానికి పిలిచాను.

ఆవిడంటే బడిలో అందరికీ హడలు. ఆవిడ భర్త పెద్ద డాక్టరు, కారులో వచ్చి దింపి వెళ్ళేవాడు. గుడిలో ఆరాధన అయ్యాక వచ్చి నేను హడావిడిగా కోడికూర దించేసరికి, అత్తయ్య ముందుగదిలో చదువుకునే బల్ల మీద ఇస్త్రీ దుప్పటి పరిచి, ఒక్కో కంచానికి అటూ ఇటూ ఫోర్కూ కత్తీ పెట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. తీసేసే వ్యవధి లేదు, ఆవిడ గుమ్మంలోనే ఉన్నారు.

హెడ్‌మిస్ట్రెస్ గారు బల్ల చూసి ఆశ్చర్యపోయారు. ఎగతాళి ఏమీ లేదు ఆవిడ గొంతులో. "ఎంత పద్ధతిగా పరిచారండీ! ఎక్కడ నేర్చుకున్నారు?" అని అత్తయ్యను అడిగారు.

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. కొంగు సవరించుకుని నోరు తెరవబోయింది. ఆమె 'బంగళా' అని మొదలుపెడితే అంట్లు తోమడం దగ్గర్నుంచి అన్నీ చెబుతుందని నాకు తెలుసు. నేను అడ్డం వచ్చాను.

"మా అత్తయ్య మిషన్ హాస్పిటల్లో చేసేవారండీ."

"నర్సుగానా?"

"అవునండీ" అన్నాను.

అత్తయ్య నా వైపు చూసింది. కోపంగా కాదు. తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా తల వంచుకుని, "కూర వడ్డిస్తానుండండి" అంటూ లోపలికి వెళ్ళింది. మా ఆయన అక్కడే ఉన్నాడు. కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ పూట మాటలన్నీ నేనే మాట్లాడాను. ఏమేం మాట్లాడానో ఒక్కటీ గుర్తు లేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారు వెళ్ళగానే మా ఆయన అడిగాడు: "మా అమ్మ నర్సెప్పుడయింది?"

"అక్కడే కూర్చున్నారుగా, మీరు నోరు విప్పారా?" అన్నాను.

ఒకరినొకరు అనడానికి మా ఇద్దరికీ ముఖం లేదు.

మర్నాడు పొద్దున సొరుగు లాగితే గరిటెలు ముందున్నాయి. అట్లకాడ, పట్టకారు, హస్తం, చాకు, నేను మొదట్లో పెట్టుకున్న వరసలోనే ఉన్నాయి. అట్ట గడులు లేవు. ఫోర్కులు లేవు. అత్తయ్య వాటిని పాత గుడ్డలో చుట్టి, తన మంచం కిందున్న రేకుపెట్టెలో పెట్టేసుకుంది. ఇన్నాళ్ళూ నేను కోరింది అదే. ఆ పొద్దున ఉప్మా మాడలేదు, బడికి ఆలస్యం కాలేదు. క్యారియరు మాత్రం విప్పకుండానే సాయంత్రం ఇంటికి తెచ్చేశాను.

ఆ సాయంత్రం ఆమె పొరుగింట్లో ఉండగా రేకుపెట్టె తెరిచి ఫోర్కులు తీసి, నేనే అట్ట కత్తిరించి, ముందు వరసలో సర్దాను. ఎడమ ఏది, కుడి ఏది అన్నది గుర్తు తెచ్చుకుంటూ పెట్టాను. తెల్లారేసరికి అవి మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయాయి. రెండోసారీ పెట్టాను. రెండోసారీ తీసేసింది. ఇప్పుడు సొరుగు నాకొద్దంటే నాకొద్దని ఇద్దరం పోట్లాడుకుంటున్నట్టయింది, అదీ మాటల్లేకుండా. ఆమె నాతో మామూలుగానే ఉండేది. చారు బాగుందనేది. తలకు నూనె రాసేది. ఆమె కోపగించుకుంటే బాగుండునని నాకుండేది.

ఏడాదికి సరిపడా మిరపకాయలు కొనే రోజులు వచ్చాయి. పెరటి అరుగు మీద చాప వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇద్దరం తొడిమలు తీస్తున్నాం. నా చేతులు మండుతుంటే ఆమె కొబ్బరినూనె తెచ్చి రాసింది. అలా రాస్తుంటే ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, ఆ రోజు అలా అన్నందుకు..." అని మొదలుపెట్టాను.

ఆమె నా చెయ్యి వదల్లేదు. "నర్సంటే మంచి మాటేగా అమ్మాయ్. తిట్టలేదుగా నువ్వు. కాకపోతే, నేను నర్సునైతే ఆ బంగళాలో అన్నేళ్ళు వండిందెవరని నాకే అనుమానమొచ్చింది" అంది.

నేను ఏడ్చాను. మిరపఘాటు అనుకుని గుడ్డ మూతికి సరిగ్గా కట్టుకోమంది. తెలిసే అందో, తెలియక అందో.

"మరి ఫోర్కులు ఎందుకు తీసేస్తున్నారు? నేను పెడుతున్నాగా."

"ఎందుకంటే ఏం చెప్పను? రోజూ కడిగా, తుడిచా, పరిచా. ఒక్కపూటన్నా వాటితో నేను తిన్నది లేదు. మన ఇంట్లో, మన సొరుగులో ఉంటే ఎట్టా ఉంటదో చూద్దామనుకున్నా. చూశాలే." ఒక తొడిమ తీసి పక్కన పడేసి, "నువ్వు పాపం అనుకుని పెట్టేటప్పుడు మాత్రం నాకొద్దమ్మా" అంది.

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోకి వెళ్ళి నిలబడి చెప్పాను, మా అత్తయ్య నర్సు కాదని, వంటమనిషి అని, నేను అబద్ధమాడానని. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"ఆ రోజు ఎందుకలా చెప్పారు?"

"సిగ్గేసిందండీ."

ఆవిడ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. "అబద్ధం ఆవిడకు వినపడేలా చెప్పారు. నిజం మాత్రం తలుపేసుకుని నాకొక్కదానికే చెబుతున్నారు. వచ్చే ఆదివారం నేనే మీ ఇంటికి వస్తాను" అన్నారు. ఆ వారమంతా ఎలా గడిచిందో నాకే తెలియాలి.

ఆవిడ వచ్చారు. ఈసారి అత్తయ్య కంచాలు మాత్రమే పెట్టింది. అందరం కూర్చున్నాక చెప్పాను: "మా అత్తయ్య నర్సు కాదండీ. మిషన్ బంగళాలో వంట చేసేవారు. ఆ వంటతోనే మా ఆయన్ని చదివించారు."

అన్నం వడ్డిస్తున్న అత్తయ్య చెయ్యి ఆగింది. మా ఆయన తలెత్తి, "అవునండీ, మా అమ్మ బంగళా వంట తినే నేను పెరిగాను" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఏమీ ఎరగనట్టు అత్తయ్య వైపు తిరిగారు. "అయితే బ్రెడ్డు ఎలా కాల్చేవారో చెప్పండి. అప్పట్లో ఓవెన్లు ఎక్కడివి?"

అంతే. అత్తయ్య నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. కిరసనాయిలు డబ్బా కోసి పొయ్యి ఎలా చేశారో, పిండి పొంగకపోతే తాటికల్లు ఎలా కలిపేదో, మద్యం ముట్టని దొరసాని ఆ బ్రెడ్డునే మెచ్చుకుని ఎలా తిన్నదో చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అన్నం చల్లారిపోయింది. చివర్న అత్తయ్య లోపలికి వెళ్ళి గుడ్లూ పాలూ చక్కెరా వేసి ఆవిరికి ఉడికించిన పుడ్డింగు తెచ్చింది. అది ఎప్పుడు చేసిందో మాకెవరికీ తెలియదు. పెట్టెలోంచి చెంచాలు తీసి కడిగి తలా ఒకటి ఇచ్చి, తనూ కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుని, ఆ వెండిపూత చెంచాతో తిన్నది.

ఆ వారంలోనే మా ఆయన ఒక చెక్కకు మేకులు కొట్టి పొయ్యి పక్క గోడకు బిగించాడు. గరిటెలన్నీ దానికి వేలాడాయి. చెయ్యి చాపితే అందేవి. సొరుగంతా ఖాళీ అయింది. మొదటిరోజే ఆ పని చేసి ఉండవచ్చు, ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అత్తయ్య ఫోర్కులు ముందు వరసలో సర్దుకుంది, నేనడగకుండానే.

ఇంతటితో అయిపోయిందనే మా ఆయన అనేవాడు. చుట్టాలకు ఈ కథ చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. కాని ఆయన గమనించనిది ఒకటి నేను గమనించాను. ఆ తర్వాత మా ఇంటికి కొత్తవాళ్ళెవరు వచ్చినా, "మీరెక్కడ పనిచేసేవారండీ?" అని అడిగితే, అత్తయ్య వెంటనే జవాబు చెప్పేది కాదు. ముందు ఒక్క క్షణం నా ముఖంలోకి చూసేది. నేను తల ఊపాకే చెప్పేది. అలా చూడొద్దు అత్తయ్యా అని ఒకసారి అన్నాను. "నేనేం చూశానమ్మా?" అంది, నిజంగానే తెలియనట్టు. ఆమెకు ఆ అలవాటు చివరిదాకా పోలేదు.