అమ్మ తినని పిండి

ఆగిరిపల్లి దారిలో మామిడి రసం తీసే షెడ్డు ఒకటి ఉంది. అందులో ఆరేళ్ళు పళ్ళు కడిగి కోసే పని చేశాను. రసం డబ్బాల్లోకి పోయేది, తొక్కలు గేదెలకు పోయేవి, టెంకలు మాత్రం షెడ్డు వెనక గుట్టగా పడి కుళ్ళేవి. ఆ గుట్ట పక్కనే కూర్చుని మధ్యాహ్నం అన్నం తినేవాళ్ళం. ఈగలకు మా క్యారియర్లంటే ప్రాణం. సీజను అయిపోగానే షెడ్డుకు తాళం పడేది. మేం ఎనిమిది మంది ఆడవాళ్ళం మళ్ళీ పని కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళం.

ఒక ఏడాది నాకు ఒళ్ళు మండింది. టెంక లోపలి జీడిని పిండి చేస్తే రొట్టెలకు, జంతికలకు పనికొస్తుందని ఎక్కడో విన్నాను. కుళ్ళిపోయే దానితోనే మా ఎనిమిది మందికీ ఏడాది పొడుగునా పని పుట్టించాలని పట్టుబట్టాను. షెడ్డు ఓనరును అడిగితే నవ్వాడు.

"తీసుకెళ్ళమ్మా. పారబోసే ట్రాక్టరు కిరాయన్నా మిగులుద్ది నాకు."

టెంకలు ఎండబెట్టి, పగలగొట్టి, జీడిని ఒక పూట నానేసి ఆరబెట్టి పిండి పట్టించాను. మొదటి రొట్టె నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారింది. అంత వగరు. గేదెకు వేస్తే అదీ మొహం తిప్పుకుంది. రెండోసారి ఉడకబెట్టాను, జావైంది. ఫోనులో వీడియోలు చూశాను. వాటిలో అందరి రొట్టెలూ బాగానే వచ్చాయి. నాతోటి వాళ్ళు ఒక్కొక్కరే వరినాట్లకు వెళ్ళిపోసాగారు.

ఇదంతా మా అమ్మ మంచం మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఆమెకు ఆ పని వచ్చని నాకు తెలుసు. ఆమె చిన్నతనంలో, తోటల్లో కోతలయ్యాక పనుల్లేని రోజుల్లో, వాళ్ళింట్లో జీడి పిండి అంబలే తిండి. ఎప్పుడడిగినా మాట దాటేసేది. మూడో పిండి కూడా పాడైన రోజు చాట విసిరికొట్టాను.

"చెబితే నీ సొమ్మేం పోతుంది?" అని అరిచాను.

"ఆ పిండి మళ్ళీ నా ఇంట్లో అడుగు పెట్టకూడదని ప్రార్థన చేసుకున్నానే," అంది అమ్మ. "కోత పండక్కి అందరూ బియ్యం, గుమ్మడికాయలు తెచ్చి చర్చిలో పెట్టేవాళ్ళు. మా అమ్మ వట్టి చేతులతో వచ్చి వెనక కూర్చునేది. ఇంట్లో ఉన్నది జీడి పిండి. అది దేవుడికెట్టా పెడతాం?"

అరిచినందుకు సిగ్గుపడ్డాను. అయినా పని మానలేదు. మర్నాడు మళ్ళీ టెంకలు ముందేసుకు కూర్చున్నాను. అమ్మ కాసేపు చూసి, మంచం దిగి వచ్చి నా చేతిలో కత్తి తీసుకుంది. జీడి మీది గోధుమరంగు పొర గీకేసి, పలచగా తరిగింది.

"పూటకోసారి నీళ్ళు మార్చు. తేటనీళ్ళు వచ్చేదాకా ఆగు. నీకు మొదట్నుంచీ తొందరెక్కువ."

నాలుగు రోజులు పట్టింది. ఆ పిండిలో బియ్యప్పిండి కలిపి చేసిన జంతికలు కరకరలాడాయి. వరినాట్లకు పోయినవాళ్ళు వెనక్కి వచ్చారు.

ఆ సంవత్సరం కోత పండక్కి స్టీలు డబ్బా నిండా జీడి పిండి పోశాను. చర్చి గుమ్మం దాకా నేనే మోశాను. అక్కడ అమ్మ నా చేతుల్లోంచి డబ్బా లాక్కుని, కొత్త బియ్యం బస్తాల ముందు పెట్టింది. మూత కూడా తీసింది.

"ఏంటండీ అది?" అని పక్కావిడ అడిగింది.

"జీడి పిండండీ. మా ఇంట్లోదే," అంది అమ్మ.

ఇంటికొచ్చాక పళ్ళెంలో వేడి జంతికలు పెట్టిచ్చాను. ముట్టుకోకుండా పక్కకు జరిపింది.

"దేవుడికి పెట్టావు, నువ్వు తినవా?"

"నా వంతు చిన్నప్పుడే తినేశానే," అంది. "ఇవి అమ్ముకో."