రామలింగయ్య ఇంటి ఉప్పునీళ్ళు

ఆదోనిలో ప్రతి ఇంటి వెనక రెండు కొళాయిలుంటాయి. ఒకటి మంచినీళ్ళది. మునిసిపాలిటీకి దయ కలిగిన పొద్దు వస్తుంది, బిందెలన్నీ నిండకముందే పోతుంది. రెండోది ఉప్పునీళ్ళది, అంటే బోరుది. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లగా పొర కడుతుంది. స్నానానికీ బట్టలకీ గచ్చు కడగడానికీ అవే దిక్కు. ఉప్పునీళ్ళంటే ఈ ఊళ్ళో బోరునీళ్ళని మాటలు రాని బిడ్డకు కూడా తెలుసు. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే రామలింగయ్య కథ సగం తెలిసినట్టే.

రామలింగయ్యది మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారం. గుప్పెడు పత్తి తీసి, రెండు వేళ్ళ మధ్య పింజ లాగి, వెలుతురుకు పట్టి చూస్తే చాలు, అది కౌతాళం కాలువ కింద పండిందో, కోసిగి మెట్టలో పండిందో చెప్పేస్తాడు. మంచివాడే. తూకంలో మోసం లేదు, మాట తప్పింది లేదు. ఆయనకున్న జబ్బల్లా ఒక నవ్వు. తనకు తెలిసింది ఎదుటివాడికి తెలియకపోతే మీసం కింద ఒక చిన్న నవ్వు నవ్వి, "నీకు తెల్దులే అప్పా" అంటాడు. అంతటితో సరి, విడమరచి చెప్పడు. ఆ నవ్వుకు రైతుల కడుపు ఎంత మండేదో ఆయనకు తెలియదు. అన్నీ తెలిసిన మనిషికి తెలియనిది అదొక్కటే.

సముద్రం పిచ్చి ఆయనకు రామేశ్వరం యాత్రలో అంటుకుంది. భార్య అలివేలమ్మతో పోయినాడు. దర్శనాలన్నీ అయ్యాక ఎవరో అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించారు. కింద పగడాల తోట. నీళ్ళలో పూలు, పూల మధ్య పసుపు చేపలు, నీలం చేపలు. మెట్ట నేలలో పుట్టి, పత్తి దుమ్ములో పెరిగిన మనిషి రెప్ప వేయడం మరిచిపోయినాడు. అలివేలమ్మ మాత్రం పడవ కదిలిందే తడవుగా తల తిరిగి, ఒడ్డు చేరేదాకా అంచు పట్టుకుని వాంతులు చేసుకుంది. ఒక్క చేపనూ చూడలేదు. ఏముండిందని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. కానీ ఆ తోట ఆయన కళ్ళలో ఉండిపోయింది.

ఏండ్లు గడిచాక, ఇంటి వెనక పత్తి నింపే గది ఖాళీ పడినప్పుడు, రామలింగయ్య మనసులో మాట బయటపెట్టాడు. గది పొడవునా అద్దాల తొట్టి కట్టిస్తాడట. అందులో సముద్రపు నీళ్ళు, పగడాలు, చేపలు పెడతాడట. అలివేలమ్మ వత్తులు చేస్తున్న చేతిని ఆపి మొగుడి ముఖంలోకి చూసింది. ఉల్లిపాయ కూడా శనివారం ముట్టని ఇల్లది.

"ఇంట్లోకి నీచు తెస్తారా?"

"తినడానికి కాదు కదా, చూడటానికి."

వారం రోజులు ఆమె పొడిమాటలే మాట్లాడింది. చివరికి ఒప్పుకుంది, కానీ షరతు పెట్టింది. "పెట్టుకోండి, కాదనను. అయితే ఇది పూజ చేసే ఇల్లు. మీ తొట్టిలో ఒక్క ప్రాణం పోయినా ఆ పొద్దే దాన్ని ఎత్తి బయట పెట్టాల. మాటియ్యండి."

రామలింగయ్య ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ఆయన మాట ఇచ్చాడంటే యార్డులో రాతకోతలు అవసరం లేదు. ఇంట్లోనూ అంతే.

పని తెలిసినవాడు ఎమ్మిగనూరులో దొరికాడు. పేరు సామ్సన్. అద్దాల కిటికీలు బిగించడంతో మొదలుపెట్టి, బెంగుళూరులో కొన్నాళ్ళు చేపల తొట్లు కట్టి వచ్చినవాడు. వచ్చీ రాగానే గది నేల మీద మడమతో తన్ని చూశాడు.

"అన్నా, పదడుగుల తొట్టి అంటాండావు. నీళ్ళూ రాళ్ళూ నిండితే మూడు టన్నులకు తక్కువ కాదు. ఈ బండల నేల ఓర్సుకోదు. తవ్వి కాంక్రీటు పొయ్యాల."

తవ్వారు, పోశారు, ఆరబెట్టారు. దాని మీద ఇనుప మంచం లాంటి చట్రం నిలబెట్టారు. బెంగుళూరు నుంచి బొటనవేలంత మందం అద్దాలు లారీలో దిగిన రోజు వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చింది. పత్తి బేళ్ళు మోసే హమాలీలే వాటిని మోశారు. బేలు పడితే దులుపుకుని మళ్ళీ ఎత్తుకుంటారు, అద్దం అట్లా కాదు. ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు అడుగులో అడుగేసి నడిచారు. వాకిట్లో అలివేలమ్మ "మెల్లగా అప్పా, మెల్లగా" అని అరుస్తూనే ఉంది. తొట్టి వద్దన్న మనిషి ఆమే.

కింద ఇంకో చిన్న తొట్టి, నీళ్ళు తిప్పే మోటారు, వడగట్టే మిషను, ఎండాకాలం నీళ్ళను చల్లబరిచే మిషను, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు వచ్చాయి. "మనుషులకు లేని ఏసీ చేపలకా?" అని అలివేలమ్మ మూతి తిప్పింది. మన సముద్రంలోంచి పగడం విరిచి తెస్తే జైలేనని సామ్సన్ ముందే చెప్పాడు. అందుకని వేరే దేశంలో తొట్లలో పెంచిన ముక్కల్ని కాగితాలతో సహా తెప్పించే ఏర్పాటు చేశారు.

ఒకరోజు ఆటోలో ఉప్పు డబ్బాలు దిగాయి. శుద్ధి చేసిన నీళ్ళలో ఆ ఉప్పు కలిపితే సముద్రపు నీళ్ళవుతాయి. అలివేలమ్మ డబ్బా మూత తీసి చూసి అడిగింది.

"ఏమండీ, మన బోరులో ఉప్పునీళ్ళు ఉండంగా మళ్ళా ఉప్పు కొనడమేంది?"

న్యాయమైన ప్రశ్న. ఆదోనిలో ఎవరైనా అడిగే ప్రశ్నే. రామలింగయ్య మీసం కింద నవ్వాడు. "నీకు తెల్దులే అలివేలూ."

ఆమె మూత పెట్టేసి వెళ్ళిపోయింది.

నీళ్ళు పోసిన వెంటనే చేపలు వేయకూడదు. ఆవకాయ ఊరినట్టు నీళ్ళు కూడా ఊరాలి. రెండు నెలలు ఆ పెద్ద తొట్టిలో రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఊరికి ఇంతకంటే కావలసింది ఏముంది? "ఆదోనికి రైలుంది, మార్కెట్టుంది, సముద్రమొక్కటే తక్కువయిండె, అదీ వచ్చె" అని హోటళ్ళ దగ్గర నవ్వుకున్నారు. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ రామలింగయ్య గొప్పగా ఒకటే చెప్పేవాడు. "దీంట్లోకి వచ్చేవి ఉప్పునీళ్ళ చేపలప్పా. మంచినీళ్ళు పోస్తే సస్తాయి." పక్కనే వత్తులు చేసుకుంటూ అలివేలమ్మ ఆ మాట వందసార్లు విని ఉంటుంది.

పగడాలూ చేపలూ వచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జోకరు చేపలు జంటగా వచ్చాయి. పసుపు చేప ఒకటి, నీలం చేపలు కొన్ని, పొడుగు మీసాల ఎర్ర రొయ్య ఒకటి. వాటి మేతకు గడ్డకట్టించిన చిన్న రొయ్యలు కావాలి కాబట్టి, దానికి గదిలోనే వేరే చిన్న ఫ్రిజ్ పెట్టారు. రామలింగయ్య మేత వేసి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని గానీ వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు. ఆ తొట్టి నీళ్ళు చుక్క తగిలినా అలివేలమ్మ తలస్నానం చేసేది.

అయినా వత్తుల బుట్ట ఎందుకో మెల్లగా ఆ గదిలోకి చేరింది. అక్కడ చల్లగా ఉంటుందని ఆమె సాకు. పసుపు చేపకు గౌరి అని పేరు పడింది. జోకరు జంటలో ఆడది మగదాన్ని తరుముతుంటే "బాగా చేస్తాంది" అనేది. రొయ్య తన పాత చర్మం వదిలేసిన రోజు, అది చచ్చిపోయిందనుకుని ఏడ్చినంత పని చేసింది. రామలింగయ్య తలుపు చాటున నిలబడి ఇదంతా చూసి లోలోపల పొంగిపోయేవాడు. పగడాలు వేళ్ళంత పెరిగాయి. ఒక్క ప్రాణం పోలేదు. ఆయన ఇచ్చిన మాట నిలబడే ఉంది.

ఉగాది ముందర ఎమ్మిగనూరులో రామలింగయ్య చెల్లెలి మనవడి నామకరణం వచ్చింది. ఆయన ఒక్కడే వెళ్ళి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాడు. అలివేలమ్మ పండగ శుభ్రాల్లో పడింది. గడపలు కడిగింది, పటాలు తుడిచింది, వంటింటి బోకులన్నీ తోమించింది. చివరికి చూపు తొట్టి మీద పడింది. ఆమె ఇంట్లో నిన్నటి నీళ్ళు ఈ రోజు బిందెలో ఉండవు, పారబోసి కొత్తవి పట్టాల్సిందే. మరి ఈ మూగజీవాలు నెలల తరబడి అవే నీళ్ళలో ఉన్నాయి! సామ్సన్ వచ్చినప్పుడల్లా కింది కొళాయి తిప్పి కొంచెం నీళ్ళు వదిలి, మూలనున్న డ్రమ్ములోవి కొంచెం పోయడం ఆమె చూసింది. కొంచెం తీసి కొంచెం ఉంచడం ఏం శుభ్రం? డ్రమ్ము చూస్తే ఖాళీగా ఉంది. మంచినీళ్ళు పోస్తే చస్తాయి. ఉప్పునీళ్ళ చేపలు. ఉప్పునీళ్ళు పెరట్లోనే ఉన్నాయి.

పాత నీళ్ళు బయటికి వదిలి, బోరు పైపు తెచ్చి తొట్టిలో పెట్టింది. పొద్దు వాలేదాకా పాతవి పోతూనే ఉన్నాయి, కొత్తవి వస్తూనే ఉన్నాయి. అద్దాలు కూడా తళతళా తుడిచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. అయితే ఆ మందు ప్రేమతో వేసిందని మరిచిపోకూడదు.

మరునాడు రామలింగయ్య బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అలివేలమ్మ ఆ గదిలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న సాయంత్రం పగడాలన్నీ తెల్లగా అయితే శుభ్రమైనాయని సంతోషపడితినండీ. పొద్దున్నే చూస్తే గౌరి... గౌరి కదలడం ల్యా."

గౌరి ఒక్కతే కాదు. నీలం చేపలు, మీసాల రొయ్య, అన్నీ పోయాయి. పగడాలు ఉడికిన అన్నంలా కరిగిపోతున్నాయి. రాళ్ళ మూల జోకరు జంట మాత్రం రొప్పుతూ బతికి ఉంది. రామలింగయ్య చూపు తొట్టి అంచున వేలాడుతున్న బోరు పైపు మీద పడింది. అర్థమైంది. నోటిదాకా వచ్చిన కేకను మింగేశాడు. ఆమె చేతుల్లో నిన్న అద్దాలు తుడిచిన గుడ్డ ఇంకా ఉంది. ఆ చేతుల మీద ఇంత పాపం ఎట్లా పెడతాడు?

"మిషను సెడిపోయినట్టుండాది" అన్నాడు. "నీదేం ల్యా. ఇచ్చిన మాట ఉండాది కదా, తొట్టి తీసేయిస్తాలే."

సామ్సన్‌కు ఫోను చేసి అదే మాట చెప్పమని బతిమాలాడు. సామ్సన్ వచ్చాడు. జోకరు జంటను తాను తెచ్చిన ఉప్పు కలిపిన నీళ్ళ టబ్బులోకి మెల్లగా అలవాటు చేసి వదిలాడు. తర్వాత పైపులు విప్పడం మొదలుపెట్టాడు. మర తిరిగినప్పుడల్లా రామలింగయ్య కళ్ళు మూసుకుంటున్నాడు.

"సామ్సనూ" అంది అలివేలమ్మ, "మిషను యాడ సెడింది? సూపియ్యి."

సామ్సన్ అబద్ధం చెప్పాలంటే ముందు చెవులు ఎర్రబడతాయి. ఒకసారి రామలింగయ్య వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. "మిషను సెడలేదక్కా" అన్నాడు. "బోరునీళ్ళు మనకు ఉప్పునీళ్ళు. చేపకు అవి ఉప్పునీళ్ళు కావు."

ఆమె టబ్బు దగ్గరికి పోయి వంగింది. ఆ నీళ్ళు తగిలితే తలస్నానం చేసే మనిషి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ముఖం వికారమైపోయింది. లేచి పెరట్లోకి పోయి బోరు కొళాయి తిప్పి, ఆ నీళ్ళు కూడా నాలుక మీద వేసుకుంది. తిరిగి వచ్చి గడపలో నిలబడింది.

"అది ఉప్పు" అంది. "ఇన్నేండ్లు ఉప్పునీళ్ళు, ఉప్పునీళ్ళు అంటిమి. బోరుదాంట్లో ఉప్పే లేదు కదండీ."

రామలింగయ్య తొట్టి అంచున వేలాడుతున్న బోరు పైపును తీసి కింద పెట్టాడు.

"ఆ పొద్దు నేను అడిగితి. బోరుండంగా ఉప్పెందుకని. మీరు నవ్వితిరి. నవ్వకుండా ఒక్క మాట సెప్పింటే గౌరి బతికుండేది."

యార్డులో ఎవరి ముందూ తడబడని మనిషి గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. "ఊరంతటికీ సెప్పితి అలివేలూ" అన్నాడు. "నీకే సెప్పకపోతిని." ఏడుపు ఆగలేదు. సామ్సన్ స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

అలివేలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "షరతు పెట్టింది నేను. సంపిందీ నేనే. మీరేమో అబద్ధమాడి నా తప్పు దాచితిరి. దానికి ఈ తొట్టి ఏం చేసింది? ఆ ఇద్దరు ఇంకా బతికుండారు, వాళ్ళను యాడికి పంపిస్తాం? సామ్సనూ, విప్పినవి మళ్ళా బిగించప్పా."

సామ్సన్ ఇంకోమాట అడగకుండా పనిలో పడ్డాడు. ఆమె వచ్చి మొగుడి పక్కన నేల మీద కూర్చుంది. టబ్బులో జోకరు ఆడది అప్పుడే మగదాన్ని తరమడం మొదలుపెట్టింది.

"ఆ పొద్దు పడవలో నేను తల ఎత్తలేదు" అంది అలివేలమ్మ. "కింద ఏముండె? మొదటి నుంచీ సెప్పండి."

రామలింగయ్య కళ్ళు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో ఆమె తెలియనివి అడుగుతూనే ఉంది. ఆయన ఒక్కసారీ నవ్వలేదు.