మేకు కొట్టనివ్వని గోడలు

టైలరమ్మ ఇరవై ఏళ్లుగా అద్దె గదుల్లోనే మిషను తొక్కింది. ఏ గోడకూ ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. కొట్టనిస్తేగా! "గోడలు పాడవుతాయమ్మా" అంటూ ఇంటి ఓనర్లందరిదీ ఒకటే పాట. పెళ్లి ఫొటో ఇప్పటికీ పెట్టె అడుగునే ఉంది.

చేతిలో నాలుగు రాళ్లు పడగానే ఆమె నగల జోలికి పోలేదు. పాత ఫ్లాటు ఒకటి కొంది, అద్దెకివ్వడానికి.

"మనం ఈ గదిలోనే సర్దుకుందాం. ఆ అద్దెతో బ్యాంకు వాయిదా కడదాం. అప్పు తీరాక ఇంకోటి కొందాం" అంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ముందు దీనికి అద్దె రానీవే" అన్నాడు బస్సు డ్రైవరైన మొగుడు.

"చూస్తూ ఉండండి." భయమన్నది ఆమె ఒంట్లోనే లేదు.

దగ్గరుండి గోడలకు రంగు వేయించింది. అక్కడే వచ్చింది చిక్కు. కొత్త జంట వస్తే పోపు మరకలు పడతాయంది. పిల్లలున్నవాళ్లొస్తే గోడల మీద గీస్తారంది. రెండు నెలలు ఇల్లు ఖాళీ. కుట్టుకూలీ అంతా వాయిదాలే మింగేశాయి. మూడో నెలా ఇంతే అయితే ఫ్లాటు అమ్ముకోవాల్సిందే.

అప్పుడొచ్చింది ఒక నర్సు, తల్లిని వెంటబెట్టుకుని. ఇల్లు నచ్చింది. ముసలామె చంకలో భర్త ఫొటో ఉంది.

"ఇది తగిలించుకోడానికి ఒక్క మేకు కొట్టుకోవచ్చా తల్లీ?"

"గోడలు పాడవుతాయమ్మా" అనేసింది టైలరమ్మ. అవే మాటలు, అదే సాగదీత!

"పెట్టెలో పెట్టుకుందాంలే అమ్మా" అంది నర్సు మెల్లగా.

టైలరమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చినట్టయింది. పక్కనే ఉన్న మొగుడు ఊరుకుంటాడా?

"అత్తా ఒకింటి కోడలేనన్నది మర్చిపోయినట్టున్నావే" అని చెవిలో ఊదాడు.

"సుత్తి పట్రండి!" అని కసిరింది. తనే కుర్చీ ఎక్కి మేకు దిగ్గొట్టింది. అరచేతంత పెచ్చు రాలిపడింది. అయినా "ఇంకోటి కొట్టనా పిన్నిగారూ?" అంది.

అద్దె కుదిరింది. ఆ సాయంత్రమే తమ గదిలో పెట్టె తెరిచి పెళ్లి ఫొటో పైకి తీసింది. సుత్తి చప్పుడుకు పై వాటాలోంచి ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"గోడలు పాడవుతాయమ్మా!"

"పాడైతే పూడుస్తాను బాబాయిగారూ. నేనూ ఇంటి ఓనర్నే, ఆ మాత్రం తెలీదా?" అంటూ ఆమె రెండో దెబ్బ వేసింది.