నేను దాచిన నాలుగడుగులు

యాభై ఏళ్లుగా ఒక సంగతి నా గుండెల మీద బండలా ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయే ముందు చెబుదామని పక్కన కూర్చున్నాను, మంచినీళ్లు తాగించి లేచి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేనొక పసిపిల్ల నడకను దాచిపెట్టాను. నడకను దాచడమేమిటంటారా? చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

అప్పటి నానక్‌రామ్‌గూడ అంటే ఇప్పటి అద్దాల మేడలు అనుకోకండి. బండరాళ్లు, సీతాఫలం పొదలు, బర్రెలు, మా కొద్ది ఇళ్లు. డెబ్భైల మొదట్లో ఊరి బడికి గుంటూరు వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చి, మా ముందు గది కిరాయికి తీసుకుంది. భర్తకు ఎక్కడో డ్యాం పనుల్లో ఉద్యోగం, నెలకోసారి వచ్చిపోయేవాడు. వాళ్లకొక కూతురు, సుధ. రెండేళ్లు దాటినా నడక రాలేదు. నాకేమో పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేరు. ఇంతకంటే విడమరిచి చెప్పాలా?

బడికి వెళ్తూ టీచరమ్మ సుధను నాకు అప్పగించేది. పట్నంలో పెద్ద దవాఖానలో పిల్లల కాళ్లకు కసరత్తు చేయించే డాక్టరమ్మ ఒకామె ఉండేది. నెలకోసారి వెళ్తే, ఇంట్లో రోజూ ఏమేం చేయించాలో చూపించేది. చిన్న పీట మీద కూర్చోబెట్టి లేపాలి, ఇరవైసార్లు. నులక మంచం పట్టె పట్టుకుని పక్కకు అడుగులు వేయించాలి. ఆ చివర బెల్లం ముక్క పెడితే సుధ దానికోసం కదిలేది. నేను శ్రద్ధగానే చేయించాను, ఆ మాట అబద్ధం కాదు. మొదట్లో నిలబెడితే మోకాళ్లు వణికేవి. నాలుగు నెలలకు మంచం చుట్టూ తిరగసాగింది.

వాళ్లవైపు పిల్లలు తొలి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద నడిపించి, నలుగురికీ పంచుతారట. టీచరమ్మ పుట్టింటి బెల్లం ఒక డబ్బాలో దాచి ఉంచింది. ఇంకో మాట కూడా అనేది. చంకలో పిల్లతో బడికి రావద్దన్నాడట పెద్ద పంతులు, నడిచే పిల్లయితే ఓ మూల కూర్చోబెట్టుకోవచ్చన్నాడట. సుధ నడవగానే నాతో తీసుకెళ్తాను, మీకు శ్రమ తప్పుతుందక్కా అనేది. శ్రమట! ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం నేను చింతపండు ఒలుస్తూ కూర్చున్నాను. సుధ మంచం పట్టె వదిలేసింది. నాలుగడుగులు వేసి వచ్చి నా మెడ మీద పడింది. నేను సంతోషంతో అరవాలి కదా? బడికి పరుగెత్తాలి కదా? నేను చేసిందేమిటంటే, పిల్లను చంకనేసుకుని గబగబా వెళ్లి తలుపు గడియ పెట్టాను. ఎవరైనా చూశారేమోనని. ఆ గడియ చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అది నేనేనా? పిల్ల నడిస్తే తలుపు మూసుకునే మనిషి లోకంలో ఉంటుందా?

సాయంత్రం టీచరమ్మ రోజూలాగే, ఇవాళేమైనా అడుగు వేసిందా అని అడిగింది. లేదన్నాను. ఈ ఒక్క రోజుకే అనుకున్నాను. మర్నాడు మంచం గోడకు ఎత్తి నిలబెట్టాను. పీట అటకెక్కింది. టీచరమ్మ గడప దాటగానే సుధ నా చంకనెక్కేది, ఆమె వచ్చే వేళకు దిగేది. బర్రె దగ్గరికి, బావి దగ్గరికి, పొయ్యి దగ్గరికి కూడా చంకలోనే. మొదట్లో దిగడానికి గింజుకునేది. తర్వాత మానేసింది. కాళ్లు మళ్లీ వణుకుతున్నాయేమిటక్కా అని టీచరమ్మ అడిగితే, ఎండలకు నీరసమన్నాను. ఆ నెల బస్సు తప్పిపోయి దవాఖానకు వెళ్లలేదు. అలా రెండు నెలలు గడిచాయి. పాపం చేస్తున్నాననుకోలేదు నేను, ముద్దు చేస్తున్నాననుకున్నాను. మనిషి తనను తాను ఇంత తేలిగ్గా నమ్మించుకోగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రెండో నెల చివర దవాఖానకు నేనూ వెళ్లాను. డాక్టరమ్మ సుధను నిలబెట్టింది. మోకాళ్లు మడతపడి కూలబడిపోయింది. ఆమె పిల్ల పాదం తిప్పి, అరికాలిని బొటనవేలితో రుద్ది చూసింది.

"ఈ పిల్ల కాలు నేల మీద పడుతలేదు. అరికాలు చూడుండ్రి, పుట్టిన పిల్లకున్నట్టే ఉన్నది. ఎవరి చంకల ఉంటది ఇది?"

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. టీచరమ్మ ఇప్పుడు నావైపు తిరుగుతుంది, అయిపోయింది అనుకున్నాను. ఆమె తిరగలేదు.

"తప్పు నాదేనండీ. ఆదివారాలు నేనే ఎత్తుకుని తిరుగుతున్నాను. అక్క రోజూ చేయిస్తూనే ఉన్నారు. ఆవిణ్ణి ఏమీ అనకండి."

డాక్టరమ్మ నా మొహం చూసింది. "గంతేనా అమ్మా?"

"గంతే."

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! అసలు చెప్పాల్సిన మాట మాత్రం చెప్పకుండానే బస్సెక్కాను. బస్సులో టీచరమ్మ కిటికీ వైపు తిరిగి దారంతా ఏడ్చింది. ఇకమీదట ఆదివారాలు దాన్ని ఎత్తుకోనక్కా అంది. అన్నట్టే ఎత్తుకోలేదు. సుధ రెండు చేతులూ చాపి అమ్మా, అమ్మా అని ఏడుస్తుంటే, కన్నతల్లి తన చేతులు కొంగులో చుట్టుకుని గోడకానుకుని కూర్చునేది. నేను వాకిట్లోంచి చూసేదాన్ని. అదీ నేను చేసిన పని. అప్పుడైనా చెప్పానా? లేదు. మంచం మళ్లీ వాల్చాను, పీట దించాను, ఇరవైసార్లు కాదు, నలభైసార్లు చేయించాను.

ఐదు నెలలకు సుధ తల్లి కళ్లముందే నడిచింది. అరిసెలు వండారు. మొదటి అరిసె టీచరమ్మ నా నోట్లోనే పెట్టింది. అంతా మీ చేతి చలవ అంది. తిన్నాను. పరుగెత్తితే సుధ ఎడమ పాదం కొంచెం లోపలికి తిరిగేది. పుట్టుకతోనే ఉండొచ్చు అంది డాక్టరమ్మ. ఉండొచ్చు. ఆ రెండు నెలల వల్లే కావచ్చు. ఎవరిని అడగను? మరుసటి వేసవిలో బదిలీ అయి వాళ్లు వెళ్లిపోయారు.

నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది కూడా ఆ టీచరమ్మే. ఇది రాస్తున్నది ఆమె పట్టుకుని దిద్దించిన చెయ్యే. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు.

టీచరమ్మా, మీరు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో. మీ సుధ మొదట నడిచింది అరిసెల రోజున కాదు. అంతకు ఏడు నెలల ముందు, ఒక మంగళవారం మధ్యాహ్నం. పసుపు గౌను వేసుకుంది. చేతిలో సగం తిన్న బెల్లం ముక్క ఉంది. ముందు ఎడమ కాలే వేసింది. పడిపోతుందనుకున్నాను, పడలేదు. నాలుగడుగులూ నవ్వుతూనే వేసింది. మీరు చూడాల్సింది అది.