మోకాళ్ళూనిన చోట బోరు

మా తోడల్లుడు పోయాడని కుప్పం నుంచి ఫోను వచ్చేసరికి నేను పుంగనూరు కూటంలో వాక్యం చెబుతున్నాను. యూనివర్సిటీలో పాఠం చెబుతూ చెబుతూ కుర్చీలో కూలబడ్డాడట. గుండె. సహోదరులారా, దాచకుండా రాస్తున్నాను: నాకు మొదట ఏడుపు రాలేదు. చదువుకున్న చోటనే, చెప్పే మాట నోట్లో ఉండగానే పోయాడే, ఆ చావైనా నాకు రాసిపెట్టలేదే అనిపించింది.

మా భార్యలు అక్కచెల్లెళ్ళు. నేను పెద్దల్లుణ్ణి. పదో తరగతి తప్పి, లేఖనాలు నాకు నేనే చదువుకున్నవాణ్ణి. అతడు మదనపల్లెలో చిన్న బడి పంతులు. ముప్పై దాటాక ఉద్యోగం మానేసి, భూమి గురించీ పర్యావరణం గురించీ చదువుతానని కుప్పంలో చేరాడు. రాళ్ళను చదివేదానికి పరీక్షలా అని అత్తగారింట్లో నేనే ముందు నవ్వాను.

ఆదివారాలు సోమలలో మామగారింటికి వచ్చేవాడు, సంచినిండా రాళ్ళతో, ఎండకు మెడ కమిలిపోయి. బావిలోకి రాయి కట్టిన తాడు వదిలి, తడిసిన మేర చూసి నోట్‌బుక్కులో రాసుకునేవాడు. మా అత్త అతనికి అడక్కుండానే రెండో సంకటిముద్ద వేసేది. నాకు అడిగి వేసేది. ఆ ముద్ద నాకు ఈరోజుకీ గుర్తుంది.

అప్పటికి నాకూ ఒక పేరుంది. బోరు వేసేముందు నన్ను పిలిచి ప్రార్థన చేయించేవారు. మామగారి చేలో మొదటిసారి నేను మోకరించి లేవగానే, ఆయన నా మోకాళ్ళ గుర్తు మీద బోరు పాయింటని సున్నం పోశాడు. అక్కడే దించారు, నీళ్ళు పడ్డాయి. అది మొదలు చౌడేపల్లె, కురబలకోట దాకా నా మోకాలే పాయింటు. నేను ప్రార్థన చేశానంతే, చోటు చూపించలేదు అని ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

తోడల్లుడు మాత్రం ఒకరోజు మెల్లగా అడిగాడు. "అన్నా, ఆడే యాల మోకరించినావు?"

"ఆడ పల్లేరుకాయలు లేవప్పా," అన్నాను.

కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ మాట బతికినన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ బోరు ఎండిపోయాక, రెండోదానికి మామగారు ఇద్దరినీ పిలిచాడు. తోడల్లుడు చేనంతా నడిచి, నేలలో నల్లరాయి చారను కాలితో చూపించి, ఈ పక్క వద్దు, వేస్తే అవతలి పక్క వెయ్యాలి, దానికంటే ముందు వంకలో పారే వాననీళ్ళను నిలబెడదాం అన్నాడు. నేను సరిగ్గా అతడు వద్దన్న పక్కనే మోకరించాను, ఈసారి పల్లేరుకాయల మీదే. అతని మాట పడగొట్టడానికి మోకరించాను. అది ప్రార్థన కాదు. మామగారు సున్నం నా దగ్గరే పోశాడు. రెండు పాడి ఆవులు అమ్మి బోరు వేస్తే దుమ్ము లేచింది, అందరి తలల మీదా తెల్లగా.

లేఖనాల్లో నీళ్ళకోసం కోపంతో బండను కొట్టిన ప్రవక్త గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో. ఆయన బండ నుంచి నీళ్ళైనా వచ్చాయి.

మామగారు నావైపు తిరిగేలోగా తోడల్లుడు అడ్డొచ్చాడు. "నేను సూపిచ్చిన తావులోనైనా పడేది కాదేమో మామా. నీళ్ళు కిందనుంచి పుట్టేవి కాదు గదా, పైనుంచి రావల్ల. వానే లేదే," అన్నాడు.

నన్ను కాపాడాడు. అందుకే అతనంటే ఇంకా మండింది. అంత మంచి మాట నాకు రావలసింది, రాళ్ళు మోసేవాడికి వచ్చింది. మరుసటి ఆదివారం దాన్నే నా మాటగా ప్రసంగించాను. వెనక వరసలో కూర్చుని, అందరికంటే ముందు ఆమేన్ అన్నది అతడే.

తర్వాత అక్కడే అధ్యాపకుడయ్యాడు. విద్యార్థులను వెంటబెట్టుకొచ్చి వంకకు రాళ్ళకట్ట కట్టించాడు. మూడో ఏటికి మామగారి పాతబావిలో మళ్ళీ నీళ్ళు కనబడ్డాయి. నేను చూడ్డానికి వెళ్ళలేదు.

మదనపల్లెలో సమాధి దగ్గర ప్రార్థన నన్నే చెయ్యమన్నారు. గుంట పక్కన నిలబడి, మామగారి ముఖం చూస్తూ, మొదటిసారి ముళ్ళు లేవని మోకరించిన సంగతి, రెండోసారి పంతంతో మోకరించిన సంగతి చెప్పేశాను.

"ఆవులు పోతే పోయినాయిలే నాయనా. ఆ పొద్దు ఆయప్ప మాట ఇనింటే బాగుండు," అన్నాడు ముసలాయన.

ఇంకెవరైనా నన్ను ఏమైనా అంటారేమోనని చూశాను. అతని విద్యార్థులు నా మాటలు విననేలేదు. గుంట అంచున గుమిగూడి, తవ్విన గోడవైపు చూస్తున్నారు. పైన ఎర్రమన్ను, దాని కింద గరుసు, ఆ కింద తెల్లటి సుద్ద. ఒక అమ్మాయి వంగి, అక్షరం వెంట వేలు పెట్టి చదివినట్టు, ఆ పొరల మీద మెల్లగా వేలు జరిపింది. ఏడుస్తూనే ఉంది. వేలికి అంటిన ఎర్రమన్ను తుడుచుకోలేదు.